నిట్టనిలువు గీత

మూడో పీరియడ్. పన్నెండుంబావు.
కరెంటు పోయింది.
చిలకలూరిపేట రోడ్డు మీది లారీల దుమ్ము
కిటికీ చువ్వల్లోంచి వచ్చి
నా బల్ల మీద హాజరు వేయించుకుంటోంది.

ఫార్మసీ మూడో ఏడు, అరవై రెండు తెల్లకోట్లు.
జేబులోంచి రెండు మాత్రల షీట్లు తీశాను.
రెండింట్లోనూ అదే మందు, అన్నే మిల్లీగ్రాములు.
ఒకటి పద్దెనిమిది రూపాయలు, ఒకటి నూట ముప్పై.
తేడా ఎక్కడుంది? అన్నాను.
"రంగులో సార్" అన్నాడు వెనక బెంచీ నాగుల్‌మీరా.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
సగం పాఠం వాడే చెప్పేశాడు.

మిర్చి యార్డు తెలుసుగా?
తెలియకేం, గుంటూరులో తుమ్ము కూడా అక్కడి నుంచే వస్తుంది.
కొనేవాడు టిక్కీలో చెయ్యి పెడతాడు,
కాయ విరుస్తాడు, గింజ చూస్తాడు,
తాలు ఏరి పక్కకి విసిరేస్తాడు,
తేమ ఎక్కువుందంటాడు,
అప్పుడుగాని నోట్లోంచి ధర రాలదు.

ఇక కొత్తపేట రండి.
ఆస్పత్రి మెట్లు దిగి
చీటీ మడత విప్పకుండానే
కౌంటరు మీద పెట్టే మనిషిని చూడండి.
ఏరేవాడు ఒకడు, మింగేవాడు ఒకడు,
డబ్బు కట్టేది ఒక్కోసారి
బయట స్కూటరు మీద కూచున్న బావమరిది.
ఈ సంతలో సరుకు విరిచి చూసేవాడే లేడు.

నాతో చదివిన యేసురత్నం
తోలు బ్యాగు మోస్తూ పద్నాలుగేళ్లు
క్లినిక్కుల గుమ్మాల్లో నిలబడ్డాడు.
పదికి మూడు ఉచితం,
డాక్టరుగారి పాప పుట్టినరోజుకి కేకు,
నెలాఖరుకి టార్గెట్టు.
ఆ కేకు ఎవరు తిన్నారో మనకి తెలుసు.
ఎవరు కొన్నారో రాయండి. రెండు మార్కులు.

తర్వాత సుద్దముక్కతో
అడ్డంగా పరిమాణం, నిలువుగా ధర,
మధ్యలో నిట్టనిలువు గీత.
ప్రాణం నిలిపే మందు ఇదీ.
ధర రెట్టింపైనా రోగి అంతే కొంటాడు.
పూర్తి అవ్యాకోచ డిమాండ్. రాసుకోండి.
పదకొండేళ్లుగా ఇదే గీత, ఇదే మాట,
నాకన్నా ముందు నా చెయ్యే గీసేస్తుంది.

పెన్నులు కదిలాయి. ఒకటి కదల్లేదు.
మొదటి బెంచీ చివర మస్తాన్‌బీ.
వాళ్లమ్మ కాయలకి తొడిమలు తీస్తుంది.
ఫీజుకి గడువు అడగడానికి తప్ప
ఎన్నడూ నోరు విప్పని పిల్ల.

"సార్, ఆ గీత మా ఇంట్లో నిటారుగా ఉండదు."
అంటే?
"షుగరు మాత్రలు నెలకి అరవై రాస్తే
మా అమ్మ ముప్పయ్యే తెచ్చుద్ది.
కత్తిపీట మీద సగానికి కోసుద్ది.
పొడి రాలితే వేలితో అద్దుకుని నాకుద్ది.
పని ఉన్న రోజుల్లో పూర్తి మాత్ర,
కోల్డు స్టోరేజీ వాళ్లు పిలవకపోతే సగం.
చెల్లికి జ్వరమొచ్చిన నెల అదీ లేదు.
ధర పెరిగితే తగ్గుద్ది సార్.
తగ్గింది బయటికి కనపడదు, అంతే."

పుస్తకంలో అలా లేదమ్మా అనబోయాను.
నాలిక దాకా వచ్చింది.
డస్టరు కోసం వెతికాను, దొరకలేదు.
అరచేత్తో తుడిచి
గీతను కాస్త వంచి గీశాను.
"ఇంకొంచెం సార్."
వంచాను.
"ఇంకా."
ఎండు మిరపకాయంత వంపు వచ్చాక
"చాలు" అని కూచుంది.

పరీక్షలో అడిగేది నిటారు గీతే,
అదీ చెప్పాను, చెప్పక తప్పదు.
పిల్లలు రెండూ వేసుకున్నారు,
ఒకటి పెన్నుతో, ఒకటి పెన్సిల్‌తో.
ఏది దేనితో వేశారో
నేను వంగి చూడలేదు.

సాయంత్రం బ్రాడీపేట నాలుగో లైన్లో
బండి దిగకుండానే చీటీ చాచాను.
నా బీపీ మాత్రలు కవర్లో పడ్డాయి,
ఫోను చూపించి డబ్బు కట్టాను,
హారన్లు మోగుతుంటే బండి ముందుకి పోనిచ్చాను.
పద్దెనిమిదిదా, నూట ముప్పైదా
అడగనేలేదు.